వచ్చే వారం దాకా పాఠకుణ్ని ఆపేదెలా?

క్రైం సీరియల్ రాసేవాళ్లు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ‘సశేషం’కు ముందు వచ్చే నాలుగైదు వాక్యాల గురించే. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. సొంతంగా మార్చుకోడానికి వీలుగా కొన్నిచోట్ల వాక్యాలు కూడా రాసి చూపించాం.

ప్రశ్న: పన్నెండు వారాల సీరియల్ రాస్తున్నాను. ప్రతి భాగం చివర సస్పెన్స్ పెట్టినా చదివినవాళ్లు “అన్నీ ఒక్కతీరే ఉన్నయ్” అంటున్నారు. మూడో భాగం ముగింపు ఇది: “ఎస్సై గోదాం తలుపు తోశాడు. లోపలి దృశ్యం చూసి ఒక్కసారిగా నిర్ఘాంతపోయాడు! ఇంతకీ ఎస్సై చూసిన ఆ దృశ్యం ఏమిటి?” ఎక్కడ తప్పుతోంది?
— ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

నిర్ఘాంతపోవాల్సింది పాఠకుడు. మీ ముగింపులో ఎస్సై ఒక్కడే ఆ పని చేసి వెళ్లిపోయాడు. కథ ఎస్సై కళ్లతో నడుస్తున్నప్పుడు ఆయన చూసింది మనకూ చూపించాలి. తలుపు తీశాక కళ్లకు గంత కడితే పాఠకుడికి ఆత్రం కలగదు, ఒళ్లు మండుతుంది. దాచాలనుకుంటే ఎస్సైకి కూడా తెలియనిదాన్నే దాచండి.

రైసుమిల్లు మీకు బాగా తెలిసిన చోటని మిగతా భాగం చదివితే అర్థమవుతోంది. దాన్నే వాడుకోండి. బస్తాల మూతులు మిషన్‌తో కుడతారు, కుట్లు దగ్గర దగ్గరగా ఒకే వరసలో పడతాయి. చేత్తో కుట్టాలంటే దబ్బనం, సుతిలి కావాలి, ఆ కుట్టు ఎడంగా, వంకరగా వస్తుంది. ఈ తేడా ఒక్కటి చాలు:

“పేర్చిన బస్తాలన్నిటికీ తెల్ల దారంతో మిషన్ కుట్టు. అడుగు వరసలో ఒక్కదానికి మాత్రం ఎర్ర నైలాన్ సుతిలి, చేతికుట్టు. ఎస్సై వెనక్కి తిరిగాడు. హమాలీ మేస్త్రి చెయ్యి అప్పటికే జేబులోకి పోయింది. జేబు అంచున ఎర్ర దారం కొస.”

ఇందులో దాచిందేమీ లేదు. బస్తాలో ఏముందో, జేబులోకి పోయిన చెయ్యి దేన్ని పట్టుకుందో ఎస్సైకీ తెలియదు, మనకూ తెలియదు. పాఠకుడి బుర్రలో రెండు ప్రశ్నలు లేచాయి, రెండూ తనంతట తాను వేసుకున్నవే. “ఆ దృశ్యం ఏమిటి?” అని రచయితే అడిగేస్తే ఆ పని పాఠకుడి చేతిలోంచి లాగేసుకున్నట్టు. ఆశ్చర్యార్థకం, ప్రశ్నార్థకం రెండూ చివరి పేరాలోంచి తీసేసి చదివి చూడండి. అప్పుడు ఏమీ మిగలకపోతే మొదటి నుంచీ అక్కడ ఏమీ లేదనే లెక్క.

ఒకటి మరిచిపోవద్దు. ఎర్ర సుతిలి చివర్లో హఠాత్తుగా ఊడిపడితే కుదరదు. మీ భాగం పద్దెనిమిది వందల మాటలుంటే మొదటి ఆరువందల లోపే ఆ ఉండ ఒకసారి కనిపించాలి. అదీ ఒంటరిగా కాదు. మేస్త్రి బల్ల మీద బీడీకట్ట, తూకం చీటీలు, సగం తాగిన చాయ్ గ్లాసు, ఎర్ర సుతిలి ఉండ అని నాలుగింటిలో ఒకటిగా పోవాలి. వస్తువును ఒంటరిగా చూపిస్తే తెలివైన పాఠకుడు అక్కడే పట్టేస్తాడు. ముగింపుకు పది వాక్యాల ముందు చూపిస్తే అతికించినట్టు తెలిసిపోతుంది.

ఇక “అన్నీ ఒక్కతీరే” అన్న మాటకు వద్దాం. మీరు పంపిన మూడు భాగాలూ ముప్పు మీదే ఆగాయి: ఒకదాంట్లో లారీ మీదికొస్తుంది, ఒకదాంట్లో కరెంటు పోతుంది, ఒకదాంట్లో తలుపు తెరుచుకుంటుంది. ముప్పు అన్నిటికంటే చవక ముగింపు, అన్నిటికంటే బలహీనం కూడా. మూడో వారంలో కథానాయకుడు చావడని ఎవరికైనా తెలుసు. దానికంటే గట్టిది తెలిసిన సంగతి తిరగబడటం. ఇన్నాళ్లూ సాక్షి అనుకున్నవాడి పేరు హతుడి అప్పుపత్రంలో జామీనుదారుగా కనిపిస్తుంది. ఇంకా గట్టిది నిర్ణయం. నిందితుడి చెల్లెలు ఫోన్ పట్టుకుని స్టేషన్ మెట్ల దాకా వచ్చి నిలబడింది, లోపలికి పోతే అన్న జైలుకు, వెనక్కి పోతే ఇంకొకరు పాడెక్కుతారు. అక్కడ ఆపితే ఆమె ఏం చేస్తుందోనని పాఠకుడు వారమంతా తనలో తనే వాదించుకుంటాడు. ఇవి కాక మనిషి రాక ఉంది: చనిపోయాడనుకున్నవాడో, దుబాయిలో ఉన్నాడనుకున్నవాడో బస్సు దిగుతాడు. దీన్ని సీరియల్ మొత్తంలో ఒక్కసారికి మించి వాడొద్దు.

పన్నెండు భాగాల్లో ముప్పు మూడుసార్లు దాటకూడదు, పక్కపక్క వారాల్లో అసలు రాకూడదు. రాయడం మొదలుపెట్టే ముందే ఒక తావు కాగితం మీద పన్నెండు చివరి వాక్యాలు రాసుకోండి. ప్రతిదాని పక్కన అది లేపే ప్రశ్న, ఆ ప్రశ్న ఏ వారం తీరుతుందో ఆ అంకె వేయండి. అంకె లేని గడి కనిపిస్తే ఆ ముగింపు కొట్టేయడమే మంచిది.

ప్రశ్న: సంఘటన బాగానే కుదిరింది గానీ చివరి వాక్యం దెబ్బ కొట్టడం లేదు. “తడిసిన ఆ చొక్కా తన తమ్ముడిదేనని సీఐ గుర్తించాడు” అని రాశాను.
— ఒక ఉపాధ్యాయుడు, గద్వాల

తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. మీ దెబ్బ ‘తమ్ముడి’ దగ్గర ఉంది, వాక్యం మాత్రం ‘గుర్తించాడు’ దాకా నడిచింది. దెబ్బ తగిలాక ఇంకో రెండు మాటలు చదవాల్సి వస్తే ఊపు చచ్చిపోతుంది. క్రియ లేని వాక్యానికి మార్చండి: “సీఐ చొక్కా కాలర్ తిప్పి చూశాడు. దర్జీ గుర్తు అదే. చొక్కా తమ్ముడిది.” లేదా ఆ మాట ఎవరి నోటనైనా అనిపించండి: “సార్, గీ అంగీ మీ తమ్మునిది.” మన జిల్లాల మాట పొట్టిగా తెగుతుంది కాబట్టి చివరి వాక్యానికి బాగా పనికొస్తుంది. కథనమంతా పుస్తక భాషలో ఉన్నా ఈ ఒక్క మాట యాసలో రావడానికి ఏ అడ్డూ లేదు.

‘గుర్తించాడు’, ‘గ్రహించాడు’, ‘అర్థమైంది’, ‘తెలిసిపోయింది’: ఈ నాలుగూ చివరి వాక్యంలో కనబడితే కొట్టేయండి.

ప్రశ్న: ఐదో భాగం చివర విలన్ మా సీఐని నాగార్జునసాగర్ గేట్ల దగ్గర నీళ్లలోకి తోసేసినట్టు, డ్యాం ఉద్యోగి ఒకాయన దూరం నుంచి చూసినట్టు రాశాను. అచ్చయిపోయింది. ఇప్పుడు సీఐని ఎట్లా బతికించాలి?
— ఒక పాఠకుడు, హాలియా

ఈతగాడని చెప్పి మాత్రం బతికించకండి. సాగర్ డ్యాం ఎత్తు దాదాపు 124 మీటర్లు, ఎక్కువైన నీళ్లు వదిలే స్పిల్‌వేకు 26 గేట్లు. గేట్లెత్తినప్పుడు ఆ వాలు మీద జారే నీళ్లలో పడ్డ మనిషి ఈది ఒడ్డుకు చేరాడంటే మీ జిల్లాలో ఒక్కరూ నమ్మరు, గేట్లెత్తిన ప్రతిసారీ వాళ్లు చూసే నీళ్లే అవి. పైగా డ్యాం మీదికి మామూలు జనాన్ని వదలరు, కాపలా ఉంటుంది. అర్ధరాత్రి ఇద్దరూ అక్కడికి ఎలా చేరారన్నది ఆరో భాగంలో మీరు ఎలాగూ తీర్చాల్సిన బాకీ.

1930లు, 40లలో అమెరికా సినిమా హాళ్లలో వారానికో భాగంగా నడిచిన సీరియల్ సినిమాల్లో ఒక మోసం ఉండేది. ఈ వారం కారు హీరోతో సహా లోయలో పడుతుంది, వచ్చే వారం అదే ఘటన మళ్లీ చూపించి, పడే ముందే హీరో దూకేసినట్టు ఒక ముక్క అదనంగా కలుపుతారు. పిల్లలు కూడా పట్టేసేవాళ్లు. అచ్చులో అది ఇంకా కష్టం, పాత సంచిక పాఠకుడి బల్ల మీదే ఉంటుంది. అచ్చయిన వాక్యం శిలాశాసనం లాంటిది. దానికి అర్థం చెప్పుకోవచ్చు, తిరగరాయలేరు.

కాబట్టి అచ్చయిన పేరా మళ్లీ చదవండి. పడిపోవడాన్ని చెప్పింది రచయిత కాదు, ఉద్యోగి చూశాడు. రాత్రి, దూరం, నీటి తుంపర. ఆయన చూడగలిగింది ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి పడటం, అంతే. పడ్డవాడు వేరే మనిషి కావచ్చు. అయితే ఆ ఖాకీ చొక్కా ఇంకొకరి ఒంటి మీదికి రాగలదని తెలిపే చిన్న ఆనవాలు మొదటి ఐదు భాగాల్లో ఎక్కడైనా అచ్చయి ఉండాలి. వెతకండి. దొరకకపోతే సీఐని చనిపోనివ్వండి, కేసును ఆయన కింది మహిళా ఎస్సై చేతికివ్వండి. మమ్మల్నడిగితే ఇదే మేలైన దారి. ఆ తర్వాత మీరు పెట్టే ప్రతి ముప్పునూ పాఠకుడు నిజంగా నమ్ముతాడు.

సాగర్ మీకు ఇంకో ముగింపు ఉచితంగా ఇస్తోంది. ఎడమ గట్టు నల్లగొండ జిల్లా, కుడి గట్టు ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా. శవం దిగువన అవతలి ఒడ్డుకు కొట్టుకుపోతే పంచనామా అవతలి పోలీసులది, తోసింది ఇవతల. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు వచ్చిన స్టేషన్ జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి, కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్‌లో ఈ సంగతి ఉంది. శవం ఎవరిదో తేలకముందే కేసు ఎవరిదన్న పేచీ వస్తుంది. ఆ పేచీలో పోయే గంటల్లోనే విలన్ సాక్ష్యం మాయం చేయొచ్చు.

ఇక ముందు ఏ ముగింపు రాసినా, తర్వాతి భాగం మొదటి మూడువందల మాటలు అదే రోజు రాసిపెట్టుకోండి. అవి రాకపోతే ఆ ముగింపు అచ్చుకు పంపకండి.

ప్రశ్న: ఏడో భాగం చివర నిందితుడు స్టేషన్‌లో “నేనే చంపిన” అని ఒప్పుకుంటాడు. బాగుంటుందా? చట్టం ప్రకారం ఏమైనా తప్పా?
— న్యాయశాస్త్ర విద్యార్థి, నల్లగొండ

తప్పు కాదు, ఫలం లేదు. పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఇది 23వ సెక్షన్, పాత సాక్ష్య చట్టంలో 25, 26. కాస్త తెలిసిన పాఠకుడు “అయితే ఏంది” అనుకుని పేజీ తిప్పేస్తాడు. చెల్లేది ఒక్కటే: నిందితుడు చెప్పిన మాటను పట్టుకుని పోతే ఏదైనా దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకు ఆ మాట పనికొస్తుంది. అంటే ముగింపు ఒప్పుకోలు దగ్గర కాదు, రికవరీ దగ్గర ఉండాలి. గొడ్డలి మోటబావిలో పడేశానన్నాడు. పంచుల్ని, అంటే రికవరీకి సాక్షుల్ని పిలిచారు, వీడియో తీస్తున్నారు (సోదా, జప్తు చిత్రీకరించాలని బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ చెబుతోంది). బావిలోంచి రెండు గొడ్డళ్లు వచ్చాయి. ఆపండి.

ఒప్పుకోలే కావాలంటే మేజిస్ట్రేటు ముందు పెట్టండి, బీఎన్ఎస్ఎస్ 183వ సెక్షన్ కింద. ఒప్పుకోవాల్సిన పని లేదని, ఒప్పుకుంటే అది అతనికే వ్యతిరేకంగా వాడతారని మేజిస్ట్రేటు ముందే హెచ్చరిస్తారు, ఆలోచించుకోడానికి గడువు కూడా ఇస్తారు. ఆ గడువు రాత్రి జైల్లో నిందితుణ్ని ఎవరు కలిశారు? ఒక భాగం మొత్తం దీని మీద నడపొచ్చు.

చట్టంలో ఉన్న గడియారాలన్నీ మీకు పనికొస్తాయి. అరెస్టు చేసిన 24 గంటల్లో, ప్రయాణ కాలం మినహాయించి, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులు దాటకూడదు. హత్య కేసులో 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. 89వ రోజు సాయంత్రం చార్జిషీటు సిద్ధంగా ఉంది, సంతకం పెట్టాల్సిన అధికారి ఫోన్ ఎత్తడం లేదు. ఇంతకంటే తుపాకీ చప్పుడు గొప్పదా?

ఒక జాగ్రత్త. మీ కథలో హత్య 2024 జులై 1కి ముందు జరిగి ఉంటే అది ఐపీసీ 302. ఆ తేదీ నుంచి జరిగితే ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103. చాలా సీరియళ్లలో 2025లో జరిగిన హత్యకు ఇంకా 302 కడుతున్నారు.

ప్రశ్న: లారీని టోల్‌గేట్ రికార్డుతో పట్టుకోవడం మీద ఒక ముగింపు కట్టాలని ఉంది. విజయవాడ హైవే మీద ఎలా కుదురుతుంది?
— లారీ యజమాని, నకిరేకల్

బ్రహ్మాండంగా కుదురుతుంది. 2021 ఫిబ్రవరి మధ్య నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కాబట్టి గేటు, టైము రెండూ ఉంటాయి. లారీ పంతంగి టోల్ దాటిన టైము దొరికింది. కొర్లపహాడ్ టోల్‌లో మాత్రం ఆ నంబరు లేదు. మధ్యలో నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి రోడ్డు చీలుతుంది. రచయితలు ఇక్కడే పప్పులో కాలేస్తారు: “అటు మళ్లించాడు కాబట్టి ఇక ఆచూకీ లేదు” అని రాసేస్తారు. ఆ రోడ్డు మీద మాడ్గులపల్లిలో ఇంకో టోల్ ఉంది. మీరు మరిచిపోయినా మీ పాఠకుల్లో సగం మంది డ్రైవర్లు మరిచిపోరు. మాడ్గులపల్లిలో కూడా నంబరు లేదని తేల్చి అక్కడ ఆపండి. మూడు గేట్ల మధ్య లారీ ఉండిపోయింది. ఎక్కడ? మిల్లులో, క్వారీలో, చెరువు కట్ట కింద? సరుకు ఏమైంది?

ఫోన్ టవర్‌తో జాగ్రత్త. కాల్ రికార్డు ఏ టవర్, ఆ టవర్‌కు ఏ దిక్కు అన్నది చెబుతుంది, ఇల్లు చెప్పదు. ఊళ్లలో ఒక టవర్ కింద నాలుగైదు పల్లెలుండొచ్చు. స్విచాఫ్ చేసిన ఫోన్‌కు చివరిసారి ఎక్కడుందో అంతే తెలుస్తుంది.

ప్రశ్న: నల్లమలలో శవం దొరుకుతుంది. “చనిపోయింది రాత్రి 10.15కి” అని డాక్టర్ చెప్పడంతో భాగం ముగిస్తే?
— ఒక పాఠకుడు, అచ్చంపేట

ఏ డాక్టరూ అలా నిమిషాలతో చెప్పరు. మన ఫోరెన్సిక్ పుస్తకాల్లో వాడుకలో ఉన్న లెక్క: ఒళ్లంతా బిగుసుకోవడానికి సుమారు 12 గంటలు, బిగిసి ఉండేది 12, సడలడానికి ఇంకో 12. ఎండాకాలంలో ఇదంతా ఇంకా త్వరగా జరిగిపోతుంది. డాక్టర్ చెప్పేది “రాత్రి ఎనిమిదికీ పదకొండుకీ మధ్య” లాంటి అంచనా మాత్రమే.

ఆ అంచనాలోనే మీ ముగింపు ఉంది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9కి మూసి పొద్దున 6కి తెరుస్తారు. చావు తొమ్మిదికి ముందైతే హంతకుడు గేటు దాటి వెళ్లిపోయి ఉండొచ్చు. తర్వాతైతే తెల్లవారేదాకా అడవిలోనే ఉన్నాడు, పొద్దున గేటు తెరిచినప్పుడు బయటికి వచ్చిన బండ్లలో ఒకటి అతనిది. చెక్‌పోస్టు రిజిస్టర్ తెరిచి, మొదటి బండి నంబరు దగ్గర వేలు ఆగిందని రాయండి. ఆ నంబరు పాఠకుడు రెండో భాగంలోనే చూసి ఉండాలి సుమా.

ప్రశ్న: హంతకుడి పేరు ఎన్ని వారాలు దాచొచ్చు?
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

అమెరికా టీవీ సీరియల్ ‘డల్లాస్’లో 1980 మార్చి 21న ఒక పాత్ర మీద కాల్పులు జరిగితే, కాల్చిందెవరో నవంబర్ 21న చెప్పారు. ఎనిమిది నెలలు జనం ఆగారు. ఆ పాత్రను చంపాలనుకునేంత పగ చాలామందికి ఉందని ముందే చూపించారు కాబట్టి ఆగారు. అనుమానితుడు ఒక్కడే ఉంటే రెండు వారాలు కూడా ఆగరు.

పన్నెండు వారాల్లో అయితే పేరు పదకొండులో, రుజువు పన్నెండులో. మధ్యలో ప్రతి మూడు వారాలకు ఒక చిన్న ముడి పూర్తిగా విప్పేయండి. లారీ దొరికింది, ఉత్తరం రాసిందెవరో తేలింది, అలాంటివి. ఏదీ తీర్చకుండా ముళ్లే వేస్తూ పోతే ఐదారు వారాలకే పాఠకుడికి మీమీద నమ్మకం పోతుంది.

ప్రశ్న: మాది ఆడియో సీరియల్, ఒక్కో ఎపిసోడ్ పదిహేను నిమిషాలు. అచ్చు సూత్రాలే పనిచేస్తాయా?
— కాలేజీ మిత్రబృందం, వనపర్తి

చాలావరకు. ఒక తేడా ఉంది: వినేవాడు పేజీ వెనక్కి తిప్పలేడు, సగం మంది బండి మీదో వంటింట్లోనో ఉంటారు. ముగింపుకు ఆధారమైన వస్తువు అచ్చులో ఒకసారి చాలు, ఆడియోలో రెండుసార్లు వినపడాలి, రెండోసారి వేరే గొంతులో. బండి నంబర్లు, సెక్షన్లు, తేదీలు చివరి నిమిషంలో పెట్టకండి, చెవిలో నిలవవు. ఒక చప్పుడు నిలుస్తుంది. రోకలి చప్పుడు, బోరు మోటారు ఆగిపోవడం, గేటు గొళ్లెం.

చివరి మాటకు ముందు సంగీతం పెంచే అలవాటు మానుకోండి, ఏదో రాబోతోందని అదే చెప్పేస్తుంది. సంగీతం పూర్తిగా ఆపి, మాట అనిపించి, రెండు సెకన్లు ఖాళీ వదిలి అప్పుడు టైటిల్ పాట వేయండి. తర్వాతి ఎపిసోడ్ మొదట్లో ‘జరిగిన కథ’ నలభై సెకన్లు దాటనివ్వొద్దు.